రెండు వైపులా తప్పు

నా జీవితంలో చేసిన బేరాలన్నిటిలోకీ గొప్పది ఏదని ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెబుతాను, ఒక మనిషి చెవి మీద చేసింది. అదీ పొద్దున్నే, ఇంకా బోణీ కాకముందు, వచ్చినవాడికి చాయ్ కూడా తెప్పించకుండా. ఒకటి ఇస్తానని వచ్చిన పెద్దమనిషి చేత మూడు ఇప్పించాను. టాటానగర్ కాసిడీహ్ బజారులో తాతల నాటి నుంచి బట్టల కొట్టు నడిపిన ఇంట్లో పుట్టి, నడక రాకముందే గజం బద్ద పట్టుకున్నవాణ్ణి కదా, ఆ మాత్రం చెయ్యకపోతే మా నాన్న పేరు పోదూ! ఇరవై రెండేళ్ళుగా ఇలాగే చెప్పుకుంటున్నాను, పైకి కాదు, లోపల.

గత ఆదివారం మా మనవరాలు వచ్చి నా ఫోటో ఒకటి కావాలంది. మా మానవ హక్కుల సంఘం ఇప్పుడు నది దాటి మాంగోలో సొంత గది కట్టుకుంది, ఆ పిల్ల దానికి సహాయ కార్యదర్శి. గోడ మీద పాత అధ్యక్షుల ఫోటోలు పెట్టి, ఒక్కొక్కరి కింద రెండేసి వాక్యాలు రాయాలట. నేను తెలుగులో అడుగుతుంటే తను హిందీలో జవాబిస్తూ ఫోన్లో రాసుకున్నది చదివి వినిపించింది. నా కింద, మాటలతోనే ఎన్నో తగవులు తీర్చిన నేర్పరి అని. మా మేనత్త కింద, సంఘం మొదటి అధ్యక్షురాలు, ఒక ఫిర్యాదును తప్పుగా వెనక్కి తీసుకున్నందుకు బాధ్యత వహించి రాజీనామా చేశారు అని. చదివి, తలెత్తి, "వో గల్తీ ఉన్హీ కీ థీ నా, తాతా?" అంది. ఆ తప్పు ఆవిడదే కదా అని. "ముందు నువ్వు ఉప్మా తిను, చల్లారిపోతోంది" అన్నాను నేను.

ఉప్మా ఆ పిల్ల తినేసి వెళ్ళిపోయింది. నా ప్లేటు అలాగే తీసుకెళ్ళి వంటింట్లో పెట్టేశాను.

మా సంఘానికి ఆ రోజుల్లో పెద్దలమని చెప్పుకోవడానికి ముగ్గురం. మా నాన్న చెల్లెలు, అంటే మా అత్త, అధ్యక్షురాలు. టాటానగర్ రైల్వే బడిలో లెక్కలు చెప్పి రిటైరయిన మనిషి, మెడలో కళ్ళజోడు తాడు, చేతిలో గుడ్డసంచీ, ఆ సంచీలో ఫిర్యాదుల కాగితాలతో పాటు ఒక స్టీలు డబ్బాలో అటుకులు. బస్సు దిగి మా కొట్టు ముందు నుంచే మేడ మెట్లెక్కేది. మెట్లు పద్దెనిమిది, ఎన్నని ఎవరడిగినా ఆవిడే చెప్పేది, మోకాళ్ళ నొప్పి మరి. కార్యదర్శి ఒక వకీలు గారు, ఒడిశా వైపు ఆయన, చట్టం తప్ప మరో మాట ఎరగడు. ఉపాధ్యక్షుణ్ణి నేను. నన్నెందుకు పెట్టుకున్నారంటే, ఒకటి, పైగది మాది, అద్దె లేదు. రెండోది, ఎవరితోనైనా బేరమాడగలను. కరపత్రాలు అచ్చేసే ప్రెస్సు వాడైనా, మమ్మల్ని బయట బల్ల మీద కూర్చోబెట్టే ఆఫీసు బంట్రోతైనా నాకొకటే. హక్కుల గురించి అప్పట్లో నాకు తెలిసింది మా కొట్టులో పరికిణీ గుడ్డల గురించి తెలిసినంత కూడా లేదు.

అత్తకి ఒక పద్ధతి ఉండేది. పైగదిలో బల్లకి ఎదురుగా ఒక ఇనప కుర్చీ. అందులో మేమెవ్వరం కూర్చోకూడదు. ఎవరి బాధ వాళ్ళే వచ్చి అందులో కూర్చోవాలి, వాళ్ళ తరఫున మేం రాసే ప్రతి కాగితం వాళ్ళ భాషలో వాళ్ళకి రెండుసార్లు చదివి వినిపించాలి, వాళ్ళు ఊఁ అంటేనే అది మెట్లు దిగాలి. ఒకసారి చదివితే మనం చెప్పినట్టు, రెండోసారి చదివితేనే వాళ్ళు విన్నట్టు అనేది. నాకది ఒకటే తలనొప్పి. ఒక్కో కాగితానికి పూటకి పూట పోయేది, కింద గిరాకీ పోయేది. "అత్తా, నువ్వు గానీ కొట్టు పెడితే పొద్దున్నించి సాయంత్రానికి ఒక్క జేబురుమాలు అమ్ముతావే" అని నవ్వేవాణ్ణి. "అమ్మింది ఒకటే అయినా, కొన్నోడు తిరిగొచ్చి తిట్టడు కదరా" అనేది.

ఇక ఆ చెవి సంగతి. మాంగోలో మన వాళ్ళే ఒక మొగుడూ పెళ్ళాం ఉండేవాళ్ళు, సోంపేట వైపు నుంచి ఎప్పుడో వచ్చిన కుటుంబం. అతను గ్యాసు పొయ్యిలు బాగుచేసేవాడు. సైకిలుకి పనిముట్ల సంచీ తగిలించుకుని, వంతెన దాటి వచ్చి, మా వీధుల్లో కేకేసుకుంటూ తిరిగేవాడు. ఆడవాళ్ళు ఒంటరిగా ఉన్న ఇళ్ళల్లో కూడా నేరుగా వంటింట్లోకి పిలిచేవాళ్ళు, అంత నమ్మకం. ఒకరోజు అతను పొయ్యి బాగుచేసి వెళ్ళిన ఇంట్లో గొలుసు కనబడలేదు. అతన్ని ఠాణాకి పట్టుకెళ్ళి రెండు రోజులు ఉంచారు. మూడోరోజు గొలుసు ఆ ఇంట్లోనే బియ్యం డబ్బా వెనక దొరికింది. వదిలేశారు. అప్పటికి దెబ్బలకి కుడిచెవి వినికిడి పోయింది.

కుర్చీలో కూర్చుని అతను అడిగింది ఒక్కటే. "నాకేటీ ఇప్పించొద్దమ్మా. నాను దొంగని కానని ఓ కాయితం ముక్క మీద రాసి, సీలేయించి ఇప్పించండి సాలు. అది సూపించి ఇళ్ళల్లోకి ఎల్తాను." అత్త అలాగే రాసింది, రెండుసార్లు చదివింది, అతను ఊఁ అన్నాడు, ఫిర్యాదు మానవ హక్కుల కమిషనుకి వెళ్ళింది. కొన్ని నెలలకి, ఠాణా వాళ్ళని సంజాయిషీ అడిగామని జవాబు వచ్చింది. ఆ రోజు అత్త మా అందరికీ అటుకులు పంచింది.

సరిగ్గా అప్పుడే అత్తకి కంటి ఆపరేషను అయింది, కట్టు కట్టి పడుకోబెట్టారు. వకీలు గారు పెళ్ళికని ఊరెళ్ళారు. వారం రోజుల రాజ్యం నాది.

రాజ్యానికొచ్చిన మూడో రోజు పొద్దున, షట్టరు సగమెత్తి అగరొత్తులు వెలిగిస్తుంటే, మా పాత ఖాతాదారు ఒకాయన వంగి లోపలికొచ్చాడు. ఠాణా వాళ్ళకి దగ్గరి మనిషని నాకు తెలుసు. బట్టలేం చూడలేదు. జేబులోంచి మడత కాగితం తీసి కౌంటరు మీద పెట్టి, "సేఠ్‌జీ, ఆజ్ బోహ్నీ మేరే హాథ్ సే. ఖాలీ మత్ లౌటానా" అన్నాడు. ఈ రోజు బోణీ నాది, వట్టి చేతుల్తో పంపకు అని.

ఈ మాట విలువ కొట్ల మధ్య పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మొదట మెట్టెక్కిన మనిషి ఉత్తి చేతుల్తో దిగిపోతే ఆ రోజంతా గల్లా మూగబోతుందని మా నాన్న నమ్మకం. అసలు ధరకి ఇచ్చేసైనా సరే బోణీ పోనిచ్చేవాడు కాదు. ఒకసారి ఒకావిడ చీర బేరమాడి ఆడి వెళ్ళిపోతుంటే వీధి మలుపు దాకా వెంటపడి, నష్టానికి ఇచ్చి, ఆ నోటు కళ్ళకద్దుకుని వచ్చాడు. ఆ కొడుకుని నేను. అవతలివాడు దేంతో వచ్చాడో చూడకుండానే, పోనివ్వకూడదు అనుకున్నాను. అక్కడే అమ్ముడుపోయాను.

చెవికి వైద్యం చేయిస్తాం, ఫిర్యాదు వెనక్కి తీసుకోండి అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. వినే మిషను అన్నాను. ఆలోచించి సరే అన్నాడు. భార్యకి నర్సింగ్ హోములో పని అన్నాను. గొణిగి సరే అన్నాడు. లోపల నేను ఎగిరి గంతేస్తున్నాను. కాగితంలో నాలుగే వాక్యాలు హిందీలో ఉన్నాయి, చదివాను, చదవలేదని ఇప్పుడు అబద్ధమాడను. అందులో ఒకటి, తప్పు రెండు వైపులా జరిగింది, ఇప్పుడు ఎవరికీ ఎవరి మీదా ఫిర్యాదు లేదు అని. మా వైపు తప్పేమిటండీ అని అడిగాను కూడా. లిఖ్‌నే కీ బాత్ హై, రాతకోసం రాసేదే కదా అని నవ్వాడు. నేనూ నవ్వాను. బేరమన్నాక వాడు కొంత దిగుతాడు, మనం కొంత దిగుతాం, రెండు వైపులా తప్పన్న మాట నా కంటికి సరుకు చుట్టిచ్చే కాగితంలా కనబడింది.

మధ్యాహ్నం పొయ్యిలతన్ని పిలిపించాను. పెళ్ళిళ్ళ రోజులు, కొట్టు నిండా జనం. పైకి తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టి చదవాలి. పద్దెనిమిది మెట్లు. నేను ఎవరికో పెట్టుబడి చీరలు విప్పి చూపిస్తూ, ఒక వేలు కాగితం మీద పెట్టి, ఇక్కడ సంతకం పెట్టు అన్నాను. అతను ఎడమచెవి నా వైపు తిప్పి, "రాసినారా బాబూ?" అన్నాడు. దేన్ని అడుగుతున్నాడో నాకు బాగా తెలుసు. "అన్నీ రాసేరు, పెట్టు" అన్నాను.

పెట్టాడు. దణ్ణం కూడా పెట్టాడు.

అన్నీ వచ్చాయి, మాట తప్పారని అనలేను. వైద్యం చేయించారు, మిషను ఇచ్చారు, ఆవిడకి పని ఇచ్చారు. కానీ ఆ కాగితం నకలు గొలుసువాళ్ళింటికి చేరింది, అక్కణ్ణుంచి వీధంతా. తన వైపూ తప్పుందని వాడే సంతకం పెట్టాడు చూడండి, బియ్యం డబ్బా వెనక తనే పడేసి ఉంటాడు అన్నారు. సైకిలు బెల్లు వినబడితే తలుపులేసుకున్నారు. అంతకు ముందు కొందరైనా అయ్యో అనేవాళ్ళు, ఇప్పుడు ఆ కొందరూ లేరు.

ఓరోజు అతని భార్య వచ్చి మిషను పెట్టెతో సహా నా కౌంటరు మీద పెట్టింది. గిరాకీలంతా చూస్తున్నారు. "మేమడిగిందేటి సేటుబాబూ, మీరు తెచ్చిందేటి? ఇది ఎట్టుకుంటే మా ఇంటాయనికి దొంగ, దొంగ అనే ఇనబడతంది. నేకపోతేనే నిమ్మళంగా ఉన్నాడు." నేను సర్దిచెప్పబోయాను. ఆవిడ ఆగలేదు.

అత్తకి కట్టు విప్పాక సంగతి తెలిసింది. నల్లద్దాలతోనే కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చదివింది, రెండుసార్లు. డాక్టరు ఎండలో తిరగొద్దన్నా బస్సెక్కి మాంగో వెళ్ళింది, వెనకాల నేను. వాళ్ళు కూర్చోమనలేదు. గుమ్మం బయట నిలబడి, నేను అధ్యక్షురాలిగా ఉండగా జరిగింది కాబట్టి తప్పు నాదమ్మా అంది. కమిషనుకి మళ్ళీ రాసింది. బాధితుడే స్వయంగా సంతకం పెట్టాడు, ఇక తిరగదోడేది లేదని జవాబు వచ్చింది.

తరవాతి సమావేశంలో అత్త మొదటిసారి ఆ ఇనప కుర్చీలో తను కూర్చుంది. రాజీనామా రెండుసార్లు చదివింది. అధ్యక్షురాలిగా బాధ్యత నాదే అని ఉంది, నా పేరెక్కడా లేదు. ఏం జరిగిందో సభ్యులెవరికీ సరిగ్గా తెలియదు, తెలిసిన వకీలు గారు నా వైపు చూసి ఊరుకున్నారు. నేను తిరుగుతున్న ఫ్యానుని చూస్తున్నాను. చివర్లో అందరూ అధ్యక్షుడిగా నన్ను ఉండమన్నారు. రెండుసార్లు వద్దన్నాను, మూడోసారికి ఒప్పుకున్నాను. అలవాటు చూడండి.

కిందికి దిగుతున్నప్పుడు, నా పేరు ఎందుకు చెప్పలేదత్తా అని అడిగాను. "నువ్వే సెప్తావేమోనని సూసేన్రా" అంది. పద్దెనిమిది మెట్లూ తనే దిగింది, నా చెయ్యి పట్టుకోలేదు. మళ్ళీ ఆ మెట్లు ఎక్కలేదు. పోయి ఆరేళ్ళయింది. పొయ్యిలతను కుటుంబంతో ఎటో వెళ్ళిపోయాడు. విశాఖపట్నం అని ఒకరన్నారు, నేను వెతకలేదు.

ఇప్పుడు మా కొట్లో మా అబ్బాయి అన్నిటికీ ఒకే ధర చీటీలు అంటించాడు. బోణీ డబ్బు పడిందని ఫోను గట్టిగా అరిచి చెబుతుంది, కళ్ళకద్దుకోవడానికేమీ లేదు. సంఘం పిల్లలు బాధితుడికి కాగితం చదివి వినిపించడం కూడా ఫోన్లో రికార్డు చేస్తారట, అది వాళ్ళ నియమం, ఎందుకొచ్చిందో వాళ్ళకి తెలియదు. ఆ ఇనప కుర్చీ మాంగో గదిలోనే ఉంది, కొత్త రంగు వేశారు. మా తరం పెద్దమనుషులం ఊరికి పెద్దలమని తిరిగాం, గోడ మీదకి ఎక్కే వయసొచ్చింది, ఈ పిల్లలేమో అడగడం నేర్చుకున్నారు. అదొక్కటే మారినందుకు సంతోషించాలో భయపడాలో తెలియడం లేదు.

నిన్న మనవరాల్ని పిలిచి అంతా చెప్పాను. ఫోన్లో తను రాసుకున్నది మళ్ళీ తెరిచింది. తరవాత, ఎప్పుడూ హిందీలోనే జవాబిచ్చే పిల్ల, తెలుగులో అడిగింది. "మరిప్పుడు ఏటి రాయమంటావు తాతా?"

అత్త ఫోటో కింద ఆ వాక్యం కొట్టేయమన్నాను. నా ఫోటో పెట్టినా మానినా కింద ఇది రాయమన్నాను.

నా బేరంలో వచ్చినవి, వాడని చెవి మిషను ఒకటి, ఓ ఇల్లాలికి కొన్నాళ్ళ పని, నాకు పదకొండేళ్ళ అధ్యక్ష పదవి. పోయినవి, ఒక మనిషి పేరు, అతని సైకిలు ఆగే ప్రతి వంటిల్లూ, మా అత్త చివరి పదహారేళ్ళూ మోసిన నింద. ఇందులో నా చేతి నుంచి పోయింది ఏమీ లేదు. అతను గొలుసు తియ్యలేదు. అతని వైపు ఏ తప్పూ లేదు. ఇది చూపించి అతను ఏ ఇంట్లోకీ వెళ్ళలేడని తెలిసే, ఇరవై రెండేళ్ళు ఆలస్యంగా, సీలు లేకుండా రాస్తున్నాను.