అమ్మమ్మ శుక్రవారం

బహ్రెయిన్‌లోని అద్లియాలో మేం పనిచేసే కెఫే పైనే మా గది. నాతో ఆ గదిలో ఉండే అక్కది కరీంనగర్ వైపు, ముస్లిం. తను వంటగదిలో రొట్టెలు కాలుస్తుంది, నేను కౌంటర్లో ఉంటాను. ఒకరోజు ఉతకడానికని అక్క నా ఏప్రన్ తీస్తే జేబులోంచి కాగితం పడింది. ఆర్డర్లు రాసే చీటీ వెనక నేను రాసుకున్న కవిత. నేను స్నానం చేసి వచ్చేసరికి ఆమె కూడబలుక్కుంటూ చదువుతోంది.

శుక్రవారం పొద్దుగూకే వేళ
అమ్మమ్మ రెండు కొవ్వొత్తులు వెలిగించి
కళ్ళు మూసుకునేది.
మేం ఎక్కణ్ణుంచి వచ్చామో
ఆ చీకట్లో వెతికేదేమో.

“గిదేంది? కిరస్తానోళ్లమని చెప్పినవు గద. గీ శుక్రారం ముచ్చటేంది?”

వీసా కాగితాల్లో ఏజెంటు అలా రాశాడు, నేను దిద్దలేదు. గుంటూరు దగ్గర మా ఊళ్ళో కొన్ని కుటుంబాలం యూదులమని చెప్పుకుంటాం. శుక్రవారం పొద్దుగూకిందంటే శనివారం సాయంత్రం దాకా పని ముట్టుకోం, నిప్పూ ముట్టుకోం. హీబ్రూ ప్రార్థనలు తెలుగు అక్షరాల్లో రాసుకుని చదువుతాం. బడి సర్టిఫికెట్లో మాత్రం వేరే మతం రాసి ఉంటుంది. బహ్రెయిన్ వచ్చాక ఈ సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఎత్తకపోతే నిలవలేక చీటీల మీద రాస్తూ వచ్చాను. ఆ రోజు అక్కకి చెప్పేశాను.

“యహూదీలా? అంటే ఇజ్రాయిలోళ్లా?”

“కాదక్కా, గుంటూరోళ్ళమే.”

ఆమె నవ్వలేదు. రెండు రోజులు అవసరమున్నంత వరకే మాట్లాడింది. ఫోన్లో ఇజ్రాయిల్ యుద్ధం వార్తలు వస్తే నా వైపు చూడకుండా ఆపేసేది. వేరే గది అడగాలా, చెప్పకుండా ఉండాల్సిందా అని ఒకటే కొట్టుమిట్టాడాను. మూడో రోజు టీ పోస్తూ తనే అంది.

“మనామా బజార్ల మీ వాళ్ల గుడి ఒకటి ఉన్నదట. పోదాం పా. ఆ కాయితం జేబుల పెట్టుకొని ఎన్నొద్దులు తిరుగుతవ్?”

ఇద్దరికీ సెలవు కలిసిన మంగళవారం వెళ్ళాం. అదృష్టం కొద్దీ ఆ యూదుల ప్రార్థనాలయం తలుపు తెరిచే ఉంది, చూడ్డానికి వచ్చినవాళ్ళు కొందరు లోపలున్నారు. అక్క తల మీద దుపట్టా సర్దుకుని నా వెనకే వచ్చింది. గోడ మీద హీబ్రూ అక్షరాలు కనిపించాయి. ఒక్కటీ చదవలేకపోయాను. నాకొచ్చిన ప్రార్థనలన్నీ కంఠతా వచ్చినవే, రాసుకున్నవి తెలుగులోనే. సొంతింటికొచ్చి గడియ తీయడం రానట్టనిపించింది.

పక్కనున్న పెద్దావిడ, ఎక్కడో విదేశం నుంచి వచ్చిన సందర్శకురాలు, ఇంగ్లీషులో పలకరించింది. “మీరూ చూడ్డానికొచ్చారా?”

“నేను యూదురాలిని,” అన్నాను.

“ఇండియానా? మీ అమ్మ వైపు కాగితాలేమైనా ఉన్నాయా?” మెత్తగానే అడిగింది. యూదులా కాదా అన్నది తల్లి వైపు నుంచే లెక్క.

నా దగ్గరున్న కాగితం ఒక్కటే. తీసి, తడుముకుంటూ ఆ అయిదు లైన్లూ ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ ఓపికగా విని నా చేయి నిమిరింది. “చాలా బాగుంది. కానీ కొవ్వొత్తులు ఎవరైనా వెలిగిస్తారు కదమ్మా.”

బయటికొచ్చాక అక్క అడిగింది, “ఏమంటదామె?”

“రుజువు అడిగింది.”

“కాయితం చూపెట్టినవు గద!”

బస్సు కోసం ఆగకుండా నడుస్తూనే అమ్మకి ఫోన్ చేశాను. కోపం ఎవరి మీదో తెలియదు. కవిత చదివి వినిపించాను.

“కొవ్వొత్తులెక్కడివే మనకి? కిరసనాయిలు బుడ్డి ఉండేది, అదొక్కటే. శుక్రవారం పొద్దుగూకకముందే మీ అమ్మమ్మ వెలిగించేది. ఆ తర్వాత మసిబారినా సరే వత్తి ముట్టుకునేది కాదు. ఎందుకమ్మా అంటే, మా అమ్మ ముట్టుకోలేదు, నేనూ ముట్టుకోను అనేది.”

నడిరోడ్డు మీద నిలబడిపోయాను. ఫోన్లో చూసిన బొమ్మల్లోంచి కొవ్వొత్తులు తెచ్చి అమ్మమ్మ చేతిలో పెట్టింది నేనే. మరుక్షణం ఇంకో అనుమానం పుట్టింది. అమ్మకిది నిజంగా గుర్తుందా, నా కోసం గుర్తు తెచ్చుకుందా? అడగలేదు.

కవిత మళ్ళీ రాశాను. వత్తి, మసి, ముట్టుకోని చేయి. అక్కకి వినిపిస్తే, “గిది మీ అవ్వే. మొదటిది ఎవరో దొరసాని,” అంది.

అమ్మకి పంపాను. ఆ శనివారం ప్రార్థనకి కూడినప్పుడు చదివిందట. ఒక పెద్దాయన లేచి, ఇది ప్రార్థన కాదు, ఎక్కడా రాసిలేదు అన్నాడట. మా అమ్మ చేసిందే నా కూతురు రాసింది అని అమ్మ తగులుకుందట. సగంమంది అటు, సగంమంది ఇటు.

“చివరికేమైందమ్మా?”

“ఏమవుద్ది? వచ్చేవారం మళ్ళీ చదవమన్నారు కొందరు. ఆయన రానన్నాడు.” అమ్మ గొంతులో హుషారు. “ఇంకోటి రాయి. మీ తాత మీద.”

తాత గురించి నాకు ఏమీ తెలియదు. అడగడం మొదలుపెట్టాను.