బలానికి ఎక్కించిన సీసా

కోవిడ్ సద్దుమణిగి ఆఫీసులు మళ్లీ తెరుచుకున్న ఏడాది, నానక్‌రామ్‌గూడలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి మెడికల్ ఆఫీసర్‌గా చేరాను. అంతకు ముందు సర్వీసంతా ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో గడిచింది. ఇక్కడ నా పని తలనొప్పికి మాత్ర, కళ్లు తిరిగినవారికి మంచం, అవసరమైతే పెద్దాసుపత్రికి రిఫరల్. ఎవరికి ఏ జబ్బో మేనేజర్లకు గానీ హెచ్చార్‌కు గానీ చెప్పకూడదు. ఆ నియమం మంచిదే.

సౌజన్యను నా గదికి తీసుకొచ్చింది హౌస్‌కీపింగ్‌లో పనిచేసే లక్ష్మి. సౌజన్యది టెస్టింగ్ టీము, పుట్టిల్లు కాకినాడ వైపు, కాపురం మణికొండలో.

"ఈ మేడమ్ బాత్రూంలకెల్లి బయటికొస్తలేదమ్మా. నీళ్లు తాగినా ఆగుతలేవు. జర చూడుండ్రి" అంది లక్ష్మి.

టీములో అందరికీ గ్యాస్ ట్రబుల్ అని చెప్పుకుందట. సీట్లో ఉండటం లేదని టీమ్ లీడ్ మెయిల్ పెట్టాడట. ఇద్దరు పిల్లల తండ్రి, వాంతికీ పని ఎగ్గొట్టడానికీ తేడా తెలియనివాడు.

ఆమె గర్భవతి అని నాకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. వేవిళ్లు చాలామందికి వచ్చేవే. పొద్దున వికారం, ఒకటి రెండు వాంతులు, మధ్యాహ్నానికి కాస్త పెరుగన్నమైనా నిలుస్తుంది. ఏదీ నిలవకపోతే అది వేవిళ్లతో పోయేది కాదు, జబ్బు. నాలుక ఎండిపోతుంది, మూత్రం తగ్గి ముదురు రంగుకు తిరుగుతుంది, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి, బరువు పడిపోతుంది. మూత్రంలో పట్టీ ముంచి కీటోన్లు చూస్తాం. అవి ఉన్నాయంటే తిండి లేక ఒళ్లు తన కొవ్వునే కరిగించుకుంటోందని అర్థం. సౌజన్యకు ఇవన్నీ ఉన్నాయి. అదీ వారాల తరబడి.

భర్త కిరణ్‌నూ, అత్తగారినీ పిలిపించి వెంటనే అడ్మిట్ చేయాలన్నాను.

"వేవిళ్లకి ఆసుపత్రేంటండీ? నేను వాంతులు చేసుకుంటూనే ఇంటిల్లిపాదికీ వండిపెట్టాను" అంది అత్తగారు.

కిరణ్ గోల వేరు. ఇన్సూరెన్సు సౌజన్య కంపెనీది, వాడితే ఆఫీసుకు తెలిసిపోతుంది. మూడో నెల వెళ్లేదాకా సంగతి బయటికి పొక్కకూడదట, దిష్టి తగులుతుందట. అతనూ ఇంజనీరే.

"గుక్కెడు నీళ్లు నిలవని పిల్లకి ఇంకా దిష్టేం తగులుతుంది బాబూ?" అన్నాను. రిఫరల్ రాసి అతని చేతికిచ్చాను. గ్లూకోజ్ ఎక్కించే ముందు బి1 విటమిన్ ఇంజెక్షన్ తప్పనిసరి అన్న మాట కింద గీత గీసి చూపించాను. చాలా రోజులు తిండి లేని ఒంట్లో ఆ విటమిన్ అడుగంటుతుంది. అప్పుడు ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతింటుంది. అంతా విని తల ఊపాడు.

సౌజన్య ఒక్కటే అడిగింది. "బిడ్డకేం కాదు కదండీ?"

ఆసుపత్రికి తీసుకెళ్లలేదు. మనవాళ్లకు సెలైన్ మందు కాదు, బలం. నీరసమనిపిస్తే చాలు, సందు చివర ఒక సీసా ఎక్కించుకొస్తారు. వీళ్లూ అపార్ట్‌మెంట్ కింద క్లినిక్‌లో గ్లూకోజ్ ఎక్కించారు. కోలుకోలేదని మర్నాడు ఇంకో సీసా. బి1 ఊసే లేదు, నా కాగితం కిరణ్ జేబులోనే ఉంది. కనుగుడ్లు అదురుతున్నాయనీ, నడిస్తే తూలుతోందనీ, అడిగిందే అడుగుతోందనీ అతనే నాకు ఫోన్ చేశాడు. అప్పుడు పరుగెత్తారు పెద్దాసుపత్రికి. అప్పుడు దిష్టి గుర్తు రాలేదు.

ప్రాణం దక్కింది. బిడ్డా దక్కింది, ఆడపిల్ల. బారసాలకు పిలిచారు. కోపంతోనే వెళ్లలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఉద్యోగం మాన్పించి, ఐడీ కార్డు అప్పగించడానికి కిరణ్ ఆమెను ఆఫీసుకు తెచ్చాడు. వెళ్తూ నా గదికి వచ్చారు. కొత్తవాళ్లకు పెట్టినట్టు మర్యాదగా నమస్కారం పెట్టింది. కాసేపు కూర్చుని, "బాత్రూమ్ ఎటువైపండీ?" అని అడిగింది. లక్ష్మి చేయి పట్టుకుని తీసుకెళ్లింది.

జబ్బును గుర్తుపట్టడం వైద్యంలో చిన్న భాగమని ఆ కేసు నేర్పింది. పెద్ద భాగం, దానికి వైద్యం చేయించే నిర్ణయం ఎవరి చేతికి వెళ్తుందో చూసుకోవడం. రిటైరయ్యేదాకా అలాంటి రిఫరల్ ఏదీ భర్త చేతికి ఇవ్వలేదు. ముందు ఆ అమ్మాయినే అడిగేదాన్ని. ఆమె సరేనంటే అంబులెన్సు పిలిచి, కాగితం పట్టుకుని నేనే ఎక్కేదాన్ని.