ఆవులకు ఏ బ్యాంకు లోను ఇస్తుంది?

మాది పాకాల. మా ఆయన నడుము దెబ్బతిని మంచాన పడ్డప్పుడు, ఆవులు కొని ఇల్లు నడపాలని, లోను కోసం తిరుపతిలో ఒక పెద్ద ప్రైవేటు బ్యాంకుకు వెళ్లాను.

"ఆవులకు లోనా? ఇదేమన్నా సంత అనుకున్నావా?" అన్నాడు అక్కడి ఉద్యోగి. వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయాను, కానీ కదల్లేదు.

"అయితే యా బ్యాంకులో ఇస్తారో చెప్పండి సార్. తెలుసుకోకుండా ఈడ నుంచి పోను" అన్నాను.

నా వెనకున్న పెద్దాయన, "సూడమ్మా, బ్యాంకులన్నీ ఒకటే కాదు. ఈడ ఎక్కువగా వ్యాపారాలకే ఇస్తారు. సేద్యానికీ పాడికీ గ్రామీణ బ్యాంకు, సహకార బ్యాంకు ఉండాయి. మీ ఊరి గ్రామీణ బ్యాంకులో అడుగు" అన్నాడు.

మర్నాడే వెళ్లాను. అక్కడి మేనేజరు ఆవుల్ని కట్టెయ్యడానికి మాకున్న కొట్టం చూసి లోను ఇప్పించారు. ఆవుల పాలే మమ్మల్ని నిలబెట్టాయి.

ఇప్పుడు బ్యాంకుకు వెళ్లడానికి జంకే ఆడవాళ్లెవరైనా ఉంటే, పని మానుకుని వెంట వెళ్తున్నాను.