రెండు కాగితాలు, ఒక ఆకలి

మొన్న బుధవారం మా ఆఫీసుకు వచ్చిన అతిథిని మధ్యాహ్నం మూడున్నర దాకా పస్తు ఉంచాం. ఉంచింది నేనే. అదీ రాతపూర్వకంగా.

పత్రిక డెస్కులో ముప్పై ఏళ్లు వార్తలు దిద్ది రిటైరయ్యాక, మడికొండలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. నా పని ఇక్కడి పిల్లలు పంపే ఇంగ్లిష్ మెయిళ్లు చూసి దిద్దడం. అందరూ నన్ను సార్ అంటారు. అంతకు మించిన హోదా లేదు.

మా క్లయింటు ఒక డచ్చి కంపెనీ. వాళ్లకు పళ్ల డాక్టర్ల అపాయింట్‌మెంట్ యాప్ చేసిపెడుతున్నాం. పోయినసారి గడువు అడిగితే మా టీమ్ లీడ్ స్రవంతి 'ట్రై చేస్తాం' అంది. మన లెక్కలో దానర్థం కుదరదని. వాళ్లు అవుతుందనుకున్నారు. కాలేదు. 'చేయలేమని ముందే ఎందుకు చెప్పలేదు?' అని అక్కణ్నుంచి మెయిల్ వచ్చింది. ఇంకోసారి ఇలా జరిగితే పని పుణెకు మారుస్తామని కూడా అందులో ఉంది. అంటే స్రవంతి టీమ్‌లో ఎనిమిది మందీ వేరే ఉద్యోగాలు వెతుక్కోవాలి.

ఈసారి వాళ్ల మేనేజర్ మార్లీన్ స్వయంగా వస్తోందని తెలిసింది. మా మేనేజర్ నన్ను పిలిచి, 'సార్, వాళ్ల పద్ధతులు మనోళ్లకు, మన పద్ధతులు ఆమెకు జర రాసియ్యిండ్రి' అన్నాడు. రాశాను. చెరొక పేజీ.

మావాళ్లకు ఇచ్చిన కాగితంలో: 'వాళ్లు వద్దంటే వద్దనే. బలవంతం చేయకండి. మీరూ కాదనుకున్నది కాదని సూటిగా చెప్పండి.'

మార్లీన్‌కు పంపిన కాగితంలో: 'ఇక్కడ మొదటి రెండు వద్దులు మర్యాద కోసం. మూడోసారి అడిగినప్పుడు ఒప్పుకోవడం పద్ధతి. మీరూ ఏదైనా మూడుసార్లు అడిగితేనే అసలు జవాబు వస్తుంది. ట్రై చేస్తాం అంటే కుదరదని అర్థం.'

ఒక్క అక్షరం తప్పు లేదు. విడివిడిగా చదివితే ఇప్పటికీ రెండూ బాగానే ఉంటాయి.

బుధవారం పదింటికి మార్లీన్ వచ్చింది. యాభై ఏళ్లుంటాయి, పొడగరి, చేతిలో నోట్‌బుక్, అందులో మడతపెట్టిన నా కాగితం. చాయ్ తెచ్చారు. 'నో, థాంక్యూ' అంది నవ్వుతూ. ట్రే అక్కడికక్కడే వెనక్కి తిరిగింది. ఆమె చేయి టేబుల్ మీద రెండంగుళాలు ముందుకు జరిగి ఆగిపోవడం నేను చూశాను. పెన్ను కోసమనుకున్నాను.

మీటింగ్ మొదలైంది. 'ఈ నెలాఖరుకు యాప్ ఇవ్వగలరా?' అని అడిగింది.

స్రవంతి ఊపిరి పీల్చుకుని, 'నో. ఇంకో మూడు వారాలు కావాలి' అంది. తనకంటే పెద్దవాళ్ల ముందు అంత సూటిగా కాదనడం ఆ పిల్ల జీవితంలో అదే మొదటిసారి అయ్యుండాలి. నాకు గర్వంగా అనిపించింది.

మార్లీన్ మడత విప్పి నా కాగితం చూసుకుంది. నవ్వింది. మళ్లీ అదే ప్రశ్న అడిగింది.

'నో, మేడమ్.'

'నిజంగా కుదరదా?'

స్రవంతి నావైపు చూసింది. మూడోసారి అడిగితే ఏమనాలో మావాళ్లకిచ్చిన కాగితంలో లేదు. నేను పైకప్పు చూశాను. 'ఓకే మేడమ్... ట్రై చేస్తాం' అంది స్రవంతి నీరసంగా. మార్లీన్ తృప్తిగా ఏదో రాసుకుని నోట్‌బుక్ మూసింది.

బయటికి రాగానే స్రవంతి నన్ను పట్టుకుంది.

'మీరు చెప్పినట్టే అన్న గద సార్. మూడుసార్లు అడిగె. గంత దూరం నుంచి వచ్చిన మనిషి గట్ల అడుగుతాంటే ఇంక కాదని ఎట్లంట?'

'మంచిదేలేమ్మా.'

'ఏం మంచిది సార్? నెలాఖరుకు కాదు. ఈసారి గూడ తప్పితే మా ఎనిమిది మంది సంగతేంది?'

భోజనాల వేళవుతోందని నేను ముందుకు నడిచాను.

ఒంటిగంటకు భోజనాలు. బగారా అన్నం, కోడికూర, పచ్చిపులుసు. మా వంటగది చూసుకునే సువార్తక్క పొద్దున ఆరింటి నుంచి చేసింది. మా కుర్రాడొకడు మార్లీన్‌కు ప్లేటు ఇవ్వబోతే, 'నో, థాంక్యూ' అంది. ప్లేటు మాయమైంది. హాట్‌బాక్స్ మూత పడింది. ఎవరూ ఒక్క ముక్క వేసుకోమనలేదు. మావాళ్ల క్రమశిక్షణకు నేను లోలోపల మురిసిపోయాను. ఆమె చూపు మాత్రం ఆ హాట్‌బాక్స్ వెంట వంటగది గుమ్మం దాకా వెళ్లింది. దాని మీది కంపెనీ పేరు చదువుతోందనుకున్నాను. ముప్పై ఏళ్లు జనం వార్తల్లో తప్పులు పట్టిన మనిషిని, చూడండి.

మూడున్నరకు మంచినీళ్ల కోసం వంటగదికి వెళ్లాను. మార్లీన్ అక్కడ అలమారా ముందు నిలబడి, బియ్యప్పిండి సకినాల డబ్బా మూతతో కుస్తీ పడుతోంది. సువార్తక్క గిన్నెలు తోముతున్నదల్లా వెనక్కి తిరిగింది. వంటగదికి ఎందుకులే అని నేను కాగితం ఇవ్వనిది ఆమె ఒక్కదానికే.

'ఏం బిడ్డా, ఆకలైతాందా?'

తెలుగు రాకపోయినా మార్లీన్‌కు అర్థమైంది. 'నో, నో' అని మొదలుపెట్టింది.

'నో ఏంది నో. మొఖం గుంజుకపోయింది. కూసో.' స్టూలు జరిపింది. ప్లేటు నిండా అన్నం, దాని మీద కూర, పక్కన రెండు సకినాలు. 'తిను ముందుగాల.'

మార్లీన్ తింది. తలెత్తకుండా తింది. రెండోసారి తనే ప్లేటు చాపింది. పచ్చిపులుసు గ్లాసులో పోయించుకుని తాగింది. తర్వాత గుమ్మంలో నిలబడ్డ నన్ను చూసి అడిగింది.

'మూడోసారి అడిగేదాకా ఆగమన్నారు కదా. పొద్దుటి నుంచి నన్నెవరూ రెండోసారి కూడా అడగలేదు. నావల్ల ఏమైనా తప్పు జరిగిందా?'

జరిగిన తప్పు నా జేబులో రెండు ప్రతులుగా ఉంది. తీసి పక్కపక్కన పెట్టాను. మావాళ్ల కాగితం ఇంగ్లిష్‌లో చదివి వినిపించాను. ఆమె నవ్వడం మొదలుపెట్టింది. నాకు మాత్రం పొద్దుటి మీటింగ్ గుర్తొచ్చింది.

'అయితే స్రవంతి నో అన్నది మర్యాదకు కాదు. మీరు మూడుసార్లు అడిగారని మొహమాటపడి ట్రై చేస్తామంది' అన్నాను.

మార్లీన్ నోట్‌బుక్ తెరిచి నాకు చూపించింది. 'మూడోసారి ట్రై అంది. ట్రై అంటే కుదరదని మీరే రాశారు. అందుకే మూడు వారాలు ఇవ్వమని మా ఆఫీసుకు మెయిల్ పెట్టేశాను. వాళ్లూ సరే అన్నారు.'

స్రవంతిని పిలిచాను. విషయం రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. 'మరి పని పుణెకు పోతదా మేడమ్?' అని అడిగింది, తెలుగులోనే. నేను ఇంగ్లిష్‌లోకి మార్చాను.

'పోయినసారి మీ ట్రై నేను నమ్మాను. ఈసారి నమ్మలేదు. పని ఇక్కడే ఉంటుంది' అంది మార్లీన్. స్రవంతి ఒక్కసారిగా స్టూలు మీద కూలబడి, ఆమె ప్లేటులో మిగిలిన సకినం తీసుకుని నోట్లో వేసుకుంది. ఇద్దరూ నవ్వారు. ఇది ఏ దేశపు పద్ధతో నా రెండు కాగితాల్లోనూ లేదు.

సాయంత్రం వాళ్లిద్దరూ కలిసి ఖిలా, అదే పాత కోట, చూడటానికి వెళ్లారు. నన్ను రమ్మనలేదు. మధ్యలో మనిషి అక్కర్లేదని వాళ్లకు అర్థమైనట్టుంది.

మర్నాడు మా మేనేజర్ కొత్త ఆర్డర్ వేశాడు. ఇకమీదట నేను ఏది రాసినా ముందు సువార్తక్కకు చదివి వినిపించాలి. శుక్రవారం పొద్దున పాత కాగితాలూ సవరించిన ప్రతీ ఆమెకు చదివి వినిపించి, మధ్యాహ్నం దాకా దిద్దుతూ కూర్చున్నాను, భోజనం సంగతి మరిచిపోయి. ఆమె ప్లేటు తెచ్చి పక్కన పెట్టింది.

'సార్, జర అన్నం తినుండ్రి.'

'వద్దులే అక్కా' అన్నాను అలవాటుకొద్దీ, ఇంకోసారి అంటుందని.

సువార్తక్క ప్లేటు ఎత్తుకుంది. 'మీరే రాసిండ్రు గద సార్, వద్దంటే వద్దనే అని' అంటూ వంటగదిలోకి వెళ్లిపోయింది. నేను కాగితాలు అక్కడే వదిలేసి, ఆమె వెనకే నడిచాను.