పది గుమ్మాల బియ్యం

నిన్న మధ్యాహ్నం భోజనం దగ్గర మా ఆయన నాలుగు ముద్దలు తిని, ఇదేం అన్నం, సగం జావ, సగం పలుకు అంటూ కంచం పక్కకు జరిపారు. తప్పు నాదే. డబ్బా అడుగున పాత బియ్యం ఉండగానే పైన కొత్త బస్తా గుమ్మరించాను. మా దీవికి సరుకు తెచ్చే ఓడ ఆలస్యమై, అబర్డీన్ బజార్లో మేం ఎప్పుడూ కొనే రకం లేక, దొరికినదేదో తెచ్చుకున్నాం మరి. ఆయన సణుగుతూనే పెరుగు కలుపుకున్నారు గానీ, పంటి కింద ఆ పలుకు తగిలినప్పుడల్లా నేను యాభై ఏళ్ల నాటి మా డిగ్నాబాద్ పేటలో ఒక ఇంటి గుమ్మం ముందుకు వెళ్లి, ఇప్పటికీ సిగ్గుతో తల దించుకుంటూనే ఉన్నాను.

నా ఈడు వాళ్లకు పిడికెడు బియ్యం సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. మా తెలుగు చర్చిలో స్త్రీల సమాజం ఆడవాళ్లంతా ఎసరు పెట్టిన ప్రతిసారీ, కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసి, ఆదివారం నాడు తెచ్చి చర్చి వరండాలోని పెద్ద సంచిలో ఒంపేవారు. ఇంటివాళ్ల ఆకలిలోంచి తీసినది కాబట్టి అది కూడా ప్రార్థనేనని మా అమ్మ అనేది. సమాజానికి పెద్ద ఆవిడే. ఒకరిది రేషన్ బియ్యం, ఒకరిది ఉప్పుడు బియ్యం, షిప్పింగ్ ఆఫీసు ఉద్యోగి ఇంటివి సన్నబియ్యం, చౌల్దారీ ఊళ్లో మా పెద్దమ్మ పండించి పంపే లావు బియ్యం మావి. అన్నీ ఆ ఒక్క సంచిలో కలిసిపోతుంటే చూడటానికి మాకు ముచ్చటగా ఉండేది. వాటిని వండుకునేవాళ్ల మాట మాకెవరికీ తోచలేదు, ఎందుకంటే మాలో ఎవరమూ వాటిని ఎప్పుడూ వండుకోలేదు.

అప్పుడు నేను తెలుగు బడిలో కొత్తగా చేరిన టీచర్ని, ఇరవై రెండేళ్లు, ఒంటి నిండా ఉత్సాహం, దానికి రెండింతలు గొప్ప. బియ్యం ఇళ్లకు చేర్చే పని నాది. ఆ వానాకాలంలో మాకు దిగువ సందులో, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి చేపలవేట మీద బతికే ఒకతను తన డింగీ పడవలో జారిపడి తొడ ఎముక విరిగి మంచాన పడ్డాడు. అతని భార్య తట్ట నెత్తిన పెట్టుకుని ఇంటింటా చేపలు అమ్మేది. వేటే లేకపోతే తట్టలోకి ఏం వస్తుంది? ముగ్గురు పిల్లలు. రెండు రోజులుగా ఆ ఇంట పొయ్యి రాజలేదని అమ్మ చెవిన పడింది. వాళ్లు మన చర్చివాళ్లు కారు కదా అని ఒకరిద్దరు గొణిగినా అమ్మ వినిపించుకోలేదు.

బడి వదిలాక సంచి భుజాన వేసుకుని, దారిలో ఎదురైనవాళ్లందరినీ పలకరిస్తూ వెళ్లి, ఆ గుమ్మంలో నిలబడి, మా సమాజం పంపిందని సందంతా వినబడేలా చెప్పాను. ఆమె సంచిలో చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి, అరచేతిలో పరిచి చాలాసేపు చూసింది.

"ఇవి ఒకింటి బియ్యం కావు, టీచర్ దీదీ. పది గుమ్మాలు తిరిగితే వచ్చే బియ్యం. నాను ఎవులి గుమ్మమూ ఎక్కలేదు కదా, ఇవి నా ఇంట్లో ఎందుకుండాల?"

గుప్పెట్లో ఉన్నవి ఒక్క గింజ రాలకుండా సంచిలోనే పోసింది. నేను ఉక్రోషంతో ఇంటికొచ్చి, మింగ మెతుకు లేదుగానీ మీసాలకు సంపెంగ నూనె అన్నాను. ఆ మాట ఈ నోటితోనే అన్నాను, దాచడమెందుకు. అమ్మ నన్ను తిట్టలేదు. ఆ చేపలామె ఏమందో మాట పొల్లుపోకుండా చెప్పించుకుని, ఆ సంచిలోంచే ఒక గిద్దెడు తీసి వండి, నా కంచంలో పెట్టి తినమంది. సగం జావ, సగం పలుకు. రెండో ముద్ద తినలేకపోయాను.

మర్నాడు పొద్దున్నే అదే సంచి పట్టుకుని అమ్మ బయలుదేరింది, వెనకాల నేను. ఈసారి సందులో ఎవరినీ పలకరించలేదు. ఆమె గుమ్మంలోనే కూర్చుని ఉంది. పిల్లలు ముగ్గురూ తల్లి వీపు వెనక నుంచి సంచినే చూస్తున్నారు. ఆమె మళ్లీ కాదంటే ఆ పిల్లల ముఖాలు ఎలా చూడాలో తెలియక నేను అమ్మ వెనక నక్కాను. అమ్మ ఆమె పక్కనే మెట్టు మీద చతికిలబడింది.

"మీ డింగీ ఒడ్డుకొచ్చిన రోజున గిన్నె తెమ్మని నాలుగు చేపలేసి పోయేదానివి. ఏనాడైనా ఒకటే రకం ఏశావా? దొరికినయ్యన్నీ కలిపే ఏశావు. అవి తిన్నందుకు నేను అడుక్కున్నదాన్నయ్యానా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"అయి వలలో పడినయి, అప్పా. నాను ఏరి తేలేదు."

"ఇవీ మా డబ్బాల్లో పడినయ్యే. ఏరకుండా తేవడం మా తప్పు. చాట తే."

ఆమె లేచి చాట తెచ్చింది. ముగ్గురం కూర్చుని ఉప్పుడు గింజలు ఒక పక్కకు, పచ్చివి ఒక పక్కకు ఏరాం. గంట గడిచేసరికి ఆ ఇంట్లో పొయ్యి రాజింది. నాకు ఏడుపొచ్చింది, కానీ టీచర్ని కదా అని ఆపుకున్నాను. ఆ ఆదివారం నుంచి చర్చి వరండాలో ఒక్క సంచి పోయి, ఉప్పుడుకొకటి, సన్నానికొకటి, లావుకొకటిగా మూడు సంచులు వెలిశాయి. అతను కోలుకుని డింగీ మళ్లీ నీళ్లలోకి దిగిన రోజు ఆమె మొదట మా గుమ్మానికే వచ్చింది, కలగలుపు చేపలతోనే.

ఈమధ్య మా ఇద్దరికీ ఒకేసారి జ్వరం పట్టుకుంటే కాలనీ పిల్లల ఫోన్ గ్రూపువాళ్లకు ఎలా తెలిసిందో, గంటలోపల స్కూటర్ మీద ఒక అమ్మాయి వచ్చి పెద్ద ప్యాకెట్ ఇచ్చింది. అన్నీ శుభ్రంగా సీలు వేసినవి, ఒకే రకం సన్నబియ్యం. బంగారంలాంటి పిల్లలు, వాళ్లను ఒక్క మాట అనను. మాకు వారం పట్టేది గంటలో చేస్తారు. ఎవరు పంపారమ్మా, లేచి తిరగగలిగాక కాస్త కొబ్బరి లౌజు చేసి ఇచ్చి వస్తాను అన్నాను. గ్రూపు నుంచి ఆంటీ, ఎవరైతే ఏంటి, మీరు ఆరామ్‌గా ఉండండి అని నవ్వి వెళ్లిపోయింది.

కోలుకున్నాక ఇద్దరు ముగ్గుర్ని అడిగాను, ఎవరికీ తెలియదు. లౌజు చేయడమైతే చేశాను. ఆ రోజు ఆ చేపలామె సంచి తిప్పి పంపడం పొగరని కొన్నాళ్లు, అభిమానమని చాలా ఏళ్లు అనుకున్నాను. తీసుకున్నవాళ్లకు తిరిగి ఇచ్చే దారి లేకపోతే ఎంత బరువో డెబ్బై దాటాక నా గుమ్మంలోనే తెలిసింది. ఆమెకు కనీసం మా అమ్మ గుమ్మం తెలుసు. నేను ఈ లౌజు గిన్నె పట్టుకుని ఏ గుమ్మానికి వెళ్లను?