చిలక చెప్పిన పాఠం

మా బడికి ట్యాబులు బియ్యం బస్తాల మధ్య వచ్చాయి. మధ్యాహ్న భోజనానికి బియ్యం తెచ్చే ఆటో అతనే దారిలో మండల ఆఫీసు దగ్గర ఆగి వాటినీ ఎక్కించుకొచ్చాడు. అట్టపెట్టెల నిండా తెల్లటి దుమ్ము.

"జర ఒక బట్టన్న కప్పొద్దా?" అని అతని మీద లేచాను.

"ఏం గాదు మేడం, లోపల మంచిగ పొట్లం గట్టిన్రు," అన్నాడు నవ్వుతూ.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి మా బడి పిల్లలకే కాదు, వీధి చివర టీ కొట్టు వాడికి కూడా తెలుసు.

గద్వాలలో మగ్గాల వీధిని ఆనుకుని ఉంది మా ప్రాథమిక పాఠశాల. ఇద్దరం టీచర్లం. ఒకటి, రెండు తరగతులు నావి. ప్రధానోపాధ్యాయురాలి కుర్చీ కూడా నాదే, అందులో కూర్చునే తీరికే దొరకదు. మూడు, నాలుగు, ఐదు తరగతులు రెండో టీచర్‌వి. పిల్లలు నన్ను పెద్ద టీచర్ అనీ, ఆమెను చిన్న టీచర్ అనీ పిలుస్తారు. నేనూ ఇక్కడ అలాగే అంటాను. చిన్న టీచర్‌ది బిజినేపల్లి. అక్కడ వాళ్ల నాన్నకు చెప్పుల దుకాణం ఉంది. ఉద్యోగం వచ్చాక గద్వాలలో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటోంది. తల చుట్టూ చున్నీ కప్పుకుని, ఒక్కో మాటా తూచినట్టు నిదానంగా మాట్లాడుతుంది. నేను గొంతు చించుకుని చెప్పినా వినని పిల్లలు ఆమె మెల్లగా అన్న మాటకు కదులుతారు. ఇది చూస్తే నాకు ఇప్పటికీ అసూయే.

ట్యాబుల మీద నాకు పెద్ద ఆశలేమీ లేవు. వెనక అమ్రాబాద్ మండలంలో పనిచేసినప్పుడు ఆ బడికి ఒక కంప్యూటర్ వచ్చింది. కరెంటు ఉన్నప్పుడు దాన్ని నడిపేవాళ్లు లేరు, నడిపే మనిషి వచ్చినప్పుడు కరెంటు లేదు. చివరికి దాని మీద గుడ్డ కప్పి పైన ప్లాస్టిక్ పూలు పెట్టాం. ఈ ట్యాబులకూ ఆ పూలే గతి అనుకున్నాను, చిన్న టీచర్‌తో అన్నాను కూడా. ఆమె నవ్వి పెట్టెలు తుడుచుకుంటూ కూర్చుంది.

వారం తిరిగేసరికి ఆమె తరగతి గదిలో ఒక పద్ధతి ఏర్పడింది. పిల్లలు తొట్టి దగ్గర చేతులు కడుక్కుని, గౌనుకో లాగుకో తుడుచుకుని, చాప మీద వరుసగా కూర్చునేవారు. చెవులకు హెడ్‌ఫోన్లు. ఒక్కొక్కరూ తమ తమ పాఠంలో ఉండేవారు. బడి చూడటానికి ఎవరొచ్చినా వంగి ట్యాబుల్లోకి చూసేవారు. నేనూ అంతే. చిన్న టీచర్ మాత్రం చిన్న పీట వేసుకుని వాళ్లకు ఎదురుగా కూర్చుని ముఖాలు చూసేది.

"ట్యాబుల ఏమొస్తదో నాకు ఎరుకనే కదక్కా. పిల్లలకు ఏమైతుందో గది సూడాలె," అంది ఒకసారి నేను అడిగితే.

ఆ ఏడు మూడో తరగతిలో ఒక పిల్ల కొత్తగా చేరింది. వనపర్తి వైపు నుంచి వచ్చిన నేత కుటుంబం. గద్వాలలో పని బాగుందని మకాం మార్చారు. ఆ పిల్ల ఎప్పుడూ ఎదుటివాళ్ల ముఖంలోకే చూసేది. మాట తక్కువ, ఆ కాస్త మాటా ముద్దముద్దగా ఉండేది. బోర్డు మీద ఉన్నది ఎత్తి రాయమంటే అక్షరాలు గుండ్రంగా, ముచ్చటగా రాసేది. నోటితో చెప్పింది రాయమంటే పక్కపిల్ల పలక వైపు చూసేది. పాత బడి నుంచి ఆమె వెంట వచ్చిన పేరు ఒక్కటే, మొండిది అని.

తల్లిదండ్రుల సమావేశానికి ఆ పిల్ల నాయనమ్మ వచ్చింది. కొంగు నడుముకు దోపుకుని, కుర్చీ వేసినా కూర్చోకుండా మాట్లాడింది.

"మూడేండ్ల సంది పంపుతున్నం టీచరమ్మా. ఒక్క ముక్క ఎక్కుతలేదు. మగ్గం కాడ కూసుంటె మాత్రం అంచు పోగులు మస్తు అందిస్తది. దసరా అయినంక ఇగ పంపం."

గద్వాల చీర అంచు నేసేటప్పుడు పక్కన సాయానికి ఇంకో మనిషి కావాలి. ఆ ఇంట్లో ఆ చోటు ఈ పిల్ల కోసం చూస్తోందన్నమాట. నాకు మండింది. పిల్లల్ని పనిలో పెట్టకూడదనీ, చట్టాలున్నాయనీ గొంతు పెంచి చెప్పాను. ఆమె చెక్కుచెదరలేదు. చట్టం వచ్చి మా పిల్లకు అక్షరాలు నేర్పుతదా అని అడిగింది. చిన్న టీచర్ మధ్యలోకి వచ్చి, "దసరా దాక నాకు టైం ఇయ్యవ్వా," అంది. ముసలామె సరేనని తలూపి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి చిన్న టీచర్ పీట కొంచెం ఆ పిల్ల వైపు జరిగింది. బడి వదిలాక కూడా ట్యాబు ముందేసుకుని ఏదో వెతుక్కునేది. ఒక మధ్యాహ్నం నా గది గుమ్మంలో నిలబడి పిలిచింది.

"అక్కా, జర ఇటు రాండ్రి. గీ పిల్లది ఒక ముచ్చట సూడుండ్రి."

ట్యాబులో ఎవరు ఏ పాఠంలో ఎన్ని తప్పులు చేశారో కనిపిస్తుంది. కొన్ని పాఠాలు ఒక మేడం చెబుతుంది, నిజం మనిషే, వీడియోలో. కొన్ని పాఠాలు ఒక బొమ్మ చిలక చెబుతుంది. చిలక ఒక మాట చెబితే పిల్లలు దానికి సరిపడే బొమ్మను ముట్టాలి. మేడం పాఠాల్లో ఆ పిల్లవి దాదాపు అన్నీ సరైనవే. చిలక పాఠాల్లో దాదాపు అన్నీ తప్పులే.

"చిలకంటే ఇష్టం లేదేమో," అన్నాను.

"చిలకకు పెదవులు లేవు కదక్కా," అంది.

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఆమె నన్ను వెంటబెట్టుకుని తరగతిలోకి వెళ్లింది. ఆ పిల్లకు ఎదురుగా నిలబడి, చున్నీని నోటి మీదుగా ముక్కు దాకా లాక్కుని, "నీ బలపం కింద పడ్డది, తీస్కో," అంది. పిల్ల ఆమె కళ్లలోకి చూస్తూ అలాగే కూర్చుంది. చిన్న టీచర్ చున్నీని నోటి మీద నుంచి కిందికి దించింది. ఈసారి గొంతు రాకుండా, పెదవులు మాత్రమే కదిపి అదే మాట అంది. పిల్ల వెంటనే వంగి చాప కింద బలపం కోసం వెతికింది.

ఇన్నాళ్లూ ఆ పిల్ల మా ముఖాలు చదువుతూ బతికింది. టీచరు బోర్డు వైపు తిరిగినప్పుడల్లా ఆమెకు బడి ఆగిపోయింది. ఎవరి సాయమూ లేకుండా అంత నేర్చుకున్న పిల్లను మొండిది అన్నారు. దాని మీద నాకు పుట్టిన మెచ్చుకోలును ఏ మాటతో చెప్పాలో ఇప్పటికీ తెలియదు.

ఆ సాయంత్రమే ఇద్దరం వాళ్లింటికి వెళ్లాం. చిన్న టీచర్ ఒక ట్యాబు, హెడ్‌ఫోన్లు చేతిసంచీలో పెట్టుకుంది. ఇంటి ముందు గదిలో రెండు మగ్గాలు ఆడుతున్నాయి. ఒకరి మాట ఒకరికి వినపడదు. ఒక మగ్గం మీద తండ్రి, ఇంకో మగ్గం మీద తల్లి. తండ్రి కనుబొమ్మ ఎగరేస్తే తల్లి నీళ్లచెంబు అందించింది. తల్లి రెండు వేళ్లు చూపిస్తే పిల్ల లోపలికి వెళ్లి రెండు దారపు ఉండలు తెచ్చింది. పిలవాలంటే భుజం తట్టడం, చెప్పాలంటే చేతులు తిప్పడం. ఆ ఇంట్లో అందరికన్నా చురుగ్గా ఉన్నది ఆ పిల్లే. చెవులు అక్కర్లేని ఇంట్లో చెవుల సంగతి ఎవరికి తడుతుంది!

చిన్న టీచర్ వెళ్లి నాయనమ్మ పక్కన చాప మీద కూర్చుని, ఆమె చెవి దగ్గరకు వంగి నిదానంగా విషయం చెప్పింది. ముసలామె భగ్గుమంది.

"చెవుడంటవా? ఆడపిల్లకు గా పేరు పెడ్తవా? నాలుగు వీధులల్ల తెలిస్తె ఏమైతదో తెలుసా? రాదు పో, రేపటి సంది బడికే రాదు!"

నేను నోరు తెరవబోయాను. చిన్న టీచర్ నా మోచేయి పట్టుకుంది. సంచీలోంచి ట్యాబు తీసి ముసలామె ఒడిలో పెట్టింది.

"సరే అవ్వా. పిల్లలు బడిల ఏం జేస్తరో ఒక్కసారి సూడు. చిలక ఏం చెప్తె గా బొమ్మ ముట్టాలె."

హెడ్‌ఫోన్లు ఆమె చెవులకు పెట్టింది. శబ్దం పూర్తిగా తగ్గించి ఉంది. తెర మీద చిలక ముక్కు తెరిచింది, మూసింది. కింద నాలుగు బొమ్మలు. ముసలామె ఒకటి ముట్టింది. ఎర్ర గుర్తు పడింది. చిలక మళ్లీ ముక్కు ఆడించింది. ఆమె ఇంకోటి ముట్టింది. మళ్లీ ఎరుపే. కొడుకు మగ్గం ఆపి చూస్తున్నాడు, కోడలూ ఆపింది.

"ఏం చెప్తుంది గిది? సప్పుడే లేదు," అంది ముసలామె.

"ముట్టవ్వా," అంది చిన్న టీచర్.

మూడోసారీ తప్పే. ముసలామె చిరాకుగా హెడ్‌ఫోన్లు లాగేసింది.

"గిదేం ఆట బిడ్డా! ఇనపడకుంట అడిగితె ఎవరు చెప్తరు?"

ఆ మాట అనేసి ఆమె ఆగిపోయింది. మగ్గాలు రెండూ ఆగి ఉండటంతో గది నిశ్శబ్దంగా ఉంది. పిల్ల మాకు వీపు పెట్టి, మూల కూర్చుని దారం చుడుతోంది. ముసలామె దాన్ని పేరు పెట్టి పిలిచింది. పిల్ల తిరగలేదు. ఇంకాస్త గట్టిగా పిలిచింది. దారం చుడుతూనే ఉంది. తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ముసలామె లేచి, మోకాళ్లు పట్టుకుని నడుచుకుంటూ వెళ్లి పిల్లకు ఎదురుగా కూర్చుంది. దాని గడ్డం పట్టుకుని, "రేపు దవాఖానకు పోదాం," అంది. పిల్ల ఆమె పెదవులు చూసి తలూపింది.

దవాఖానలో పరీక్ష చేసి రెండు చెవులకూ వినికిడి తక్కువని, యంత్రాలు పెడితే చాలావరకు వినపడుతుందని చెప్పారు. అవి చేతికి రావడానికి చాలా తిరగాల్సి వచ్చింది. నా కోపం ఒక్క చోట పనికొచ్చిందంటే ఆ ఆఫీసుల్లోనే. దసరా సెలవులు అయిపోయాయి. బడి తెరిచిన రోజు నేను గేటు దగ్గరే నిలబడ్డాను. నాయనమ్మ దాని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. నన్ను చూసి, "ఏం సూస్తవ్ టీచరమ్మా, ఒచ్చినం కదా," అంది.

యంత్రాలు వచ్చిన కొత్తలో పిల్ల వాటిని పీకేసేది. మా పిల్లల అరుపులకు చెవులు మూసుకుని ఏడ్చేది. ఇంట్లో మగ్గం మోతకు భయపడేది. చిన్న టీచర్ విసుక్కోలేదు. రోజూ కొంచెంసేపు ఖాళీ గదిలో దాన్ని కూర్చోబెట్టుకుని గ్లాసు మోగించేది, తలుపు కొట్టేది, కాగితం నలిపేది. పిల్ల చెవుల సంగతి తెలిసిన నాటి నుంచి ఆమె బోర్డు వైపు తిరిగి మాట్లాడటం పూర్తిగా మానేసింది. రాయడం అయ్యాక ఇటు తిరిగి, అందరి ముఖాల్లోకీ చూసి చెప్పేది.

చలికాలంలో ఒక రోజు హాజరు పుస్తకం కోసం వెళ్లి ఆమె గుమ్మంలో ఆగిపోయాను. చిన్న టీచర్ బోర్డు వైపు తిరిగి ఉంది. ఆ పిల్ల పేరు పిలిచి, వెనక్కి తిరగకుండానే, "పొద్దున అన్నంల కూరేంది?" అని అడిగింది.

మా పిల్లలు ఎవరిని ఏం అడిగినా అందరూ కలిసి అరిచే రకం. ఆ రోజు ఒక్కరూ నోరు మెదపలేదు. ఎవరూ వాళ్లకు చెప్పలేదు. పెదవులు బిగబట్టుకుని ఆ పిల్ల వైపే చూస్తున్నారు.

"టమాట పప్పు టీచర్," అంది పిల్ల, దాని ముద్ద గొంతుతో.

"ఇన్నది టీచర్! ఇన్నది!" అని ఇంకెవరో ఉండబట్టలేక అరిచారు. చిన్న టీచర్ తిరగలేదు. బోర్డుకు ఆనించిన సుద్దముక్క కదలకుండా అక్కడే ఉంది.

"ఇంకోటి అడుగుత," అంది. ఆ మాట బాగా మెల్లగా వచ్చింది, గుమ్మంలో ఉన్న నాకే సరిగా వినపడలేదు.

"అడుగుండ్రి టీచర్," అంది ఆ పిల్ల.