వెస్లీ గీసిన మూత్రపిండం

వెస్లీ సొంతూరు బెల్లంపల్లి. తండ్రి అహరోను బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. కొడుక్కి బాయి పని దొరకలేదు. చర్చి గోడల మీద వాక్యాలు రాసే చేతిరాత ఒక్కటే మిగిలింది. దాన్ని పట్టుకుని కరీంనగర్ వచ్చి, జనార్దన్‌రావు గారి గైడ్ల ప్రచురణ ఆఫీసులో చేరాడు. అక్కడే కంప్యూటర్ నేర్చుకుని, ఇరవై రెండేళ్లుగా పదో తరగతి పిల్లల కోసం గుండెలు, కళ్లు, మూత్రపిండాలు గీస్తున్నాడు. జిల్లాలో ఇన్ని అవయవాలను చూసిన సర్జన్ కూడా ఉండడు.

నిరుడు గైడ్లను వెబ్‌సైట్‌లో పెట్టాలన్న గొప్ప ఆలోచన జనార్దన్‌రావు గారి అల్లుడు విద్యాధర్‌కు వచ్చింది. ఆయన హైదరాబాద్‌లో ఏదో కంపెనీలో ఏదో చేసి వచ్చినవాడు. ఆరువందల నలభై బొమ్మలను వెబ్ పేజీకి పనికొచ్చే ఇమేజ్ ఫైళ్లుగా మార్చాలన్నాడు.

"నెల పడ్తది సార్," అన్నాడు వెస్లీ. "మనయి గీతల బొమ్మలు. ఎంత పెద్దగ చేసినా గీత చెదరదు. ఇమేజ్ అంటే అన్నీ చుక్కలే. ఒక్కో బొమ్మ తెరిచి, ఎనక తెలుపు పెట్టి, ఫోన్ల కనవడేటంత సైజుల తియ్యాలె. మన తెలుగు ఫాంట్ గూడ పాతది. అక్షరాలను ముందుగాల గీతలుగ మార్చకుంటే వేరే సిస్టంల పిచ్చి గుర్తులైతయి."

"అంకుల్, గిది ఒక్క క్లిక్ పని," అని నవ్వాడు విద్యాధర్.

నిజంగానే ఒక్క క్లిక్‌తో, పదకొండు నిమిషాల్లో అయిపోయింది. వెస్లీ ఎంత నిదానస్తుడో ఆఫీసంతటికీ ఆ రోజు తెలిసింది.

ప్రారంభోత్సవానికి రెండు జిల్లాల సైన్సు టీచర్లు వచ్చారు. జనార్దన్‌రావు గారు శాలువా సర్దుకుని మీట నొక్కారు. తెర మీద 'మానవ నేత్రం' అన్న శీర్షిక, దాని కింద నల్లటి చతురస్రం ప్రత్యక్షమయ్యాయి. ఏ రంగూ లేని నేపథ్యం నల్లగా మారి, నల్ల గీతలన్నింటినీ మింగేసింది. నీలిరంగులో ఉన్నందుకు బతికిపోయిన పేర్లు డాలరు గుర్తులుగా, ప్రశ్నార్థకాలుగా తేలుతున్నాయి.

"డార్క్ మోడ్, మామయ్యా. కండ్లకు మంచిది," అన్నాడు విద్యాధర్.

సభ చప్పట్లు కొట్టింది. పక్క హాల్లో అప్పటికే భోజనాలు వడ్డిస్తున్నారు.

మూడో రోజు ఇచ్చోడ నుంచి కోమల టీచర్ ఫోన్ చేసింది. "సార్, మీ కన్ను బొమ్మల కన్నొక్కటే కనవడ్తలేదు. పిల్లలు ఫోన్ ఖరాబైందని దాన్ని కొడుతుండ్రు."

జనార్దన్‌రావు గారు వెస్లీని పిలిచారు. "గిదేం పరేషాన్ వెస్లీ? నువ్వు ముందుగాల్నే చెప్పొద్దా?"

తాను చెప్పానని వెస్లీ అనలేదు. ఇరవై రెండేళ్ల అనుభవం ఊరికే పోతుందా?

మళ్లీ మొదటి నుంచి ఒక్కో బొమ్మా తెరిచాడు. మూడో వారంలో మూత్రపిండం వచ్చింది. చూసి, చెయ్యి ఆపేశాడు. ధమనికి సిర అని, సిరకు ధమని అని పేర్లు ఉన్నాయి. పద్నాలుగేళ్ల కింద పెట్టింది తానే. లేచి వెళ్లి జనార్దన్‌రావు గారికి ఉన్నదున్నట్టు చెప్పాడు.

"పద్నాలుగేండ్ల సంది పిల్లలు పాసైతనే ఉన్నరు గద!" అన్నారాయన. "ఇప్పుడు మారిస్తే గా పాసైనోళ్లంత తప్పు రాసినట్టైతది."

"తప్పే రాసిండ్రు సార్. నేనే రాయించిన."

"ఫికర్ చెయ్యకు. సైట్ల గూడ అట్లనే పెట్టు. రెండూ ఒక్క తీరుగుండాలె."

వెస్లీ తల ఊపి, తన గదికి వచ్చి, పేర్లు సరిచేసి సైట్‌లో పెట్టేశాడు. ఆ కొలువులో మాట వినకపోవడం అతనికి అదే మొదలు.

వారానికి కోమల మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి వెస్లీ ఎత్తాడు.

"పుస్తకంల ఒక తీరు, సైట్ల ఒక తీరు. ఏది నిజం సార్?"

"సైట్లదే నిజమమ్మా. పుస్తకంలది నా తప్పు. గీసింది నేనే."

"గివన్నీ మీరు గీసినయా? పదిల ఉన్నప్పుడు గా గుండె బొమ్మ చూసే నేను బయాలజీ మీద పడ్డ సార్."

"మంచిదమ్మా," అన్నాడు వెస్లీ.

ఆమె సంగతంతా టీచర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. సరిచేసిన గైడే కావాలని బడులన్నీ అడిగేసరికి జనార్దన్‌రావు గారికి శాస్త్రీయ దృక్పథం పుట్టుకొచ్చింది. 'సమూలంగా సవరించిన ముద్రణ' వెలువడింది. మొదటి పేజీలో 'సాంకేతిక దార్శనికత: విద్యాధర్' అని ఉంది. చివరి పేజీలో 'గత ముద్రణల్లోని పొరపాటుకు బాధ్యుడు: ఆర్టిస్టు వెస్లీ' అని ఉంది. అతని పేరు అచ్చులో రావడం అదే ప్రథమం.

ఇంట్లో భార్య సంతోషమ్మ కళ్లద్దాలు పెట్టుకుని రెండు పేజీలూ చదివింది.

"నీ పేరు గిట్ల ఏసినందుకు కోపం రాలే?"

"వచ్చింది. కానీ మూత్రపిండం సరిగ్గ వచ్చింది," అన్నాడు వెస్లీ.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు పోయి, తన తప్పులు ఇంకేమైనా ఉన్నాయేమోనని లెక్కల గైడులోని త్రిభుజాలు తెరిచాడు.